ముందు బొమ్మ, తర్వాత బొమ్మ

చెల్లెలి క్లినిక్ గోడ మీద అక్క ముఖం వేలాడుతోంది. ఒకటి కాదు, రెండు. ఎడమవైపు ముఖంలో కళ్ళ కింద సంచులు, చుట్టూ బొగ్గు పూసినట్టు నలుపు. కుడివైపు ముఖం తేటగా, కడిగినట్టుంది. కింద పెద్ద అక్షరాలు: 'పెప్టైడ్ ఐ క్రీము. ముందు, తర్వాత.'

ఆ బొమ్మ గోడ దిగాలి. అక్క వచ్చింది అందుకే, మరి దేనికీ కాదు. ఆమె బట్టలు కుడుతుంది. నిన్న జాకెట్ కొలతలివ్వడానికి వచ్చినావిడ ఫోనులో ఆ బొమ్మ చూపించి, "ఇది మీరే కదండీ? ఏం క్రీమండీ అది, మాకూ చెప్పండి" అని ముద్దుగా అడిగేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. రాత్రంతా తమాయించుకుని, పొద్దున్నే మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరింది.

చెల్లెల్ని చిన్నప్పుడు ఇంట్లో అందరూ 'అద్దం' అనేవాళ్ళు. అద్దం ముందు నుంచి లాగితే గాని భోజనానికి వచ్చేది కాదు. పెద్దయ్యాక ఆ పిచ్చినే చదువుగా చదివి, చర్మానికీ జుట్టుకీ క్లినిక్ పెట్టుకుంది. తెలివైనదే, ఎవరు కాదన్నారు? ఆ తెలివి తన ముఖం దాటి పక్క ముఖం దాకా ఏనాడూ రాలేదు, అంతే.

"ఆ బొమ్మ తీసెయ్" అంది అక్క, చెప్పులైనా విప్పకుండా.

"వస్తూనే మొదలుపెట్టకక్కా. లోపల జనం ఉన్నారు."

"నన్నడిగి పెట్టావా?"

"అడిగితే ఒప్పుకుంటావా? నా పనికి జన్మలో ఒక్కసారైనా సరే అన్నావా?"

"లేదు."

"అందుకే అడగలేదు." చెల్లెలు గొంతు తగ్గించింది. "నేనేం మోసం చెయ్యలేదు. అదే కిటికీ, అదే కుర్చీ, అదే వెలుతురు. ఒక్క చుక్క దిద్దలేదు. నీ కళ్ళు బాగుపడ్డాయా లేదా, అది చెప్పు."

బాగుపడ్డాయి. ఆ మాట కాదనడానికి అక్క దగ్గర ఏమీ లేదు, ఆమె కోపమంతా అక్కడే ఉంది. ఎడమవైపు బొమ్మ తీసిన రోజున ఆ కిటికీ పక్కన అమ్మ మంచం ఉండేది. అమ్మని అటు తిప్పి, ఇటు తిప్పి, మందులు వేసి, పక్కబట్టలు మార్చి అక్కకి నెలల తరబడి కంటి మీద కునుకు లేదు. చెల్లెలు చుట్టపు చూపుగా ఒక మధ్యాహ్నం వచ్చి, అక్క గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పి, ఫోటో తీసుకుని, "నీ కళ్ళ కింద నీరు చేరుతోంది, ఇది రాసుకో" అని ఒక ట్యూబు మంచం మీద పడేసి పోయింది. నిద్రపోయావా అని అడగలేదు మహాతల్లి. రెండో బొమ్మ తీసిననాటికి మంచం ఖాళీ. అమ్మ పోయాక అక్క నిద్రపోయింది. ఏడ్చింది, నిద్రపోయింది, లేచి మళ్ళీ నిద్రపోయింది. సొమ్మొకడిది సోకొకడిదని పెద్దలు ఊరికే అనలేదు. నిద్ర ఈమెది, పేరు క్రీముది.

"పద, లోపలున్న వాళ్ళకి రెండు మాటలు చెప్పి వెళ్ళిపో. నీ బొమ్మ సాయంత్రం తీసేస్తాను" అని చెల్లెలు ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

లోపల పదిమంది దాకా ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. చెల్లెలు అందుకుంది. "పెప్టైడ్లంటే ఏం లేదండీ, ప్రోటీన్ ముక్కలు. చర్మంలోకి కబురు మోసుకెళ్తాయి. కాస్త బిగుసుకో అని చెప్తాయి. కబురు అందితే చర్మం వింటుంది."

కబుర్లు అందడం గురించి చెప్పడానికి దీనికే చెల్లింది, అనుకుంది అక్క.

"మా అక్కే సాక్ష్యం. మొన్న ఇంటికెళ్తే కిటికీలో ఖాళీ ట్యూబు కనిపించింది. కత్తెరతో కోసి మరీ వాడేసింది."

అక్క సంచీలో చెయ్యి పెట్టి, పొద్దున వస్తూ ఎందుకో వేసుకొచ్చిన ఆ ట్యూబు తీసింది. నిలువునా చీల్చి ఉంది. ఆడవాళ్ళు మెడలు చాచారు. ఒకావిడ నవ్వుతూ, "మేం టూత్‌పేస్టుని కూడా ఇలాగే వదిలిపెట్టం" అంది.

"కోసింది నా కత్తెరే" అంది అక్క. "రాసుకుంది నేను కాదు. మా అమ్మ."

చెల్లెలి ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "అమ్మెందుకు రాసుకుంటుంది?"

"చిన్నది ఇచ్చింది, పారెయ్యకు, నాకు రాయి అనేది. రోజూ స్నానం అయ్యాక రాయించుకునేది. చర్మం ఎముకకి అంటుకుపోయాక ఇంకేం బిగుస్తుందే అమ్మా అన్నాను. విన్లేదు. అది ఇవాళ వస్తుందేమో, నా ముఖం చూసి తన మందు పనిచెయ్యలేదని చిన్నబుచ్చుకుంటుందేమో అనేది. కళ్ళు కాయలు కాచేలా గుమ్మం వైపు చూసేది, ఆ క్రీము రాసుకున్న కళ్ళతోనే. అయిపోయిందంటే ఒప్పుకోలేదు. అందుకే కోశాను."

ఇందాక నవ్వినావిడ ఒళ్ళో ఉన్న సంచీని సర్దుకుంటూ కూర్చుంది.

అక్కకి ఈ మాటలు చెప్పాలని లేదు. అమ్మ వద్దంది కూడా, చిన్నదాని మనసు కష్టపెట్టకు అని. ఇప్పుడు చెప్పేసింది. చల్లబడుతుందనుకున్న కడుపు చల్లబడలేదు.

చెల్లెలు వెళ్ళి గోడ మీది బొమ్మ తనే దింపింది. మేకు దగ్గర కాగితం చిరిగి, ఆ చిరుగు ఎడమవైపు ముఖం మీదుగా కిందికి దిగింది. దాన్ని చుట్టి పట్టుకుని అక్కతో పాటు గుమ్మం దాకా వచ్చింది. కళ్ళు అప్పుడే ఉబ్బాయి.

"అమ్మ అలా చూస్తోందని నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదక్కా" అంది. "ఫోన్ చేసి చెప్తే రానా నేను?"

అక్క ఆ కాగితం చుట్ట ఆమె చేతిలోంచి లాక్కుంది.

"చేశాను. అమ్మ నీకోసం చూస్తోంది, కళ్ళు పీక్కుపోయాయి అని చెప్పాను. నువ్వు కొరియర్లో ఇంకో ట్యూబు పంపావు."

అక్క మెట్లు దిగి, చుట్టని చంకలో పెట్టుకుని, బస్సు కోసం నిలబడింది.