లేబుల్ లేని లియాటికో

కోపెన్‌హాగెన్‌లో ఆ వైన్ల ప్రదర్శన జరిగిన హాల్లో ఆర్గిరో పొద్దుట్నుంచీ నిలబడే ఉంది. క్రీట్ ద్వీపం బల్లలన్నీ ఒక వరసలో వేశారు. సితియా పట్నం పైనున్న కొండ ఊళ్ల తరఫున వచ్చింది తనొక్కతే. ఎవరైనా గ్లాసు చాపితే పోసేది. "లియాటికో. మా ద్వీపపు ద్రాక్ష. తొందరగా పండుతుంది, పేరులోనే జులై ఉంది" అని ఇంగ్లీషులో చెప్పేది. వాళ్లు రుచి చూసేవాళ్ల అలవాటు ప్రకారం పుక్కిలించి, బకెట్లో ఉమ్మేసి, మర్యాదగా తలూపి పక్క బల్లకి పోయేవారు.

ఆమె వైన్‌లో లోపమేమీ లేదు. ఫ్రాన్సు నుంచి కొత్త ఓక్ చెక్క పీపాలు తెప్పించి మరీ చేసింది. కానీ తలూపి వెళ్లిపోయినవాళ్లలో ఒక్కరూ వెనక్కి రాలేదు.

బల్ల కింద ఇంకో పెట్టె ఉంది. అందులోవి మనూసోస్ సీసాలు. వాటికి లేబుళ్లు లేవు, సుద్దముక్కతో గీసిన గీత తప్ప. మనూసోస్ పక్క తోట ముసలాయన. రక్తసంబంధం లేకపోయినా ఆర్గిరోకి బాబాయే. తండ్రి పోయాక కొమ్మ కత్తిరించడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే నేర్పాడు. ఈ ఏడు గట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు.

"నా సీసాలు కూడా పట్టుకెళ్లవే అమ్మాయ్" అన్నాడు బయల్దేరేముందు. "అమ్మడానికి కాదు. వాళ్ల నాలిక మీద పడితే ఏమంటారో వచ్చి చెప్పు. చాలు."

ఆమె వాటిని బయటికి తియ్యలేదు. లేత రంగు వైన్, లేబుల్ లేని సీసా, పెద్దమనుషుల ముందు పెట్టడానికి సిగ్గేసింది.

సాయంత్రం బిర్గిట్ అనే ఆవిడ వచ్చింది. ఆ ఊళ్లో పెద్ద పెద్ద హోటళ్లకి వైన్ తెప్పించేది ఆవిడే. ఆర్గిరో పోసింది వాసన చూసి గ్లాసు కింద పెట్టేసింది. "ఇలాంటిది నాకెక్కడైనా దొరుకుతుంది. మీ ఊళ్లో మీరు తాగేది లేదా?"

ఆర్గిరో వంగి మనూసోస్ సీసా తీసింది.

బిర్గిట్ ఒక గుక్క తాగి ఉమ్మకుండా మింగింది. గ్లాసు మళ్లీ చాపింది. "ఇది తాగుతుంటే పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టుంది" అంది. "ఎవరిది?"

"మాదే" అంది ఆర్గిరో.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. వెనక్కి తీసుకోడానికి వ్యవధి ఉంది. బిర్గిట్ కళ్లజోడు సవరించుకుంటూ, ఈస్టర్ ముందు తోట చూడ్డానికి వస్తానని చెబుతూ, చాలాసేపు అక్కడే నిలబడింది. ఆర్గిరో నవ్వుతూ వింది.

ఊరికొచ్చాక మనూసోస్ మొదట అడిగింది అదే. "ఏమన్నారే?"

ఆవిడ అన్నది ఉన్నదున్నట్టు చెప్పింది. అది ఎవరిదనుకుని తాగిందో చెప్పలేదు. ముసలాయన దిండు మీద తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. "మళ్లీ చెప్పు" అన్నాడు.

చలికాలమంతా అదే తంతు. ఆమె సూప్ గిన్నె పట్టుకెళ్తే చాలు, వచ్చినవాళ్లందరి ముందూ చెప్పించేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆర్గిరోకి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇవాళ చెప్పేద్దామని వెళ్లేది, ఆయన మొహంలో వెలుగు చూసి గిన్నె కడిగి వచ్చేసేది. ఒకరోజు ధైర్యం చేసి నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది.

"బాబాయ్, ఈసారి నీ పీపాలన్నీ నేనే తీసుకుంటా."

"నీకెందుకే? నీ కొయ్యరసంలో కలుపుతావా? నీ వైన్ తాగితే వడ్రంగి కొట్లో కూర్చున్నట్టుంటుంది." నవ్వాడు. "తీసుకో. నీకు కాక ఎవరికిస్తాను?"

ఆ రోజు ఇంటికొచ్చి ఆమె అన్నం ముట్టలేదు.

చలికాలం పోయాక, అన్నట్టే బిర్గిట్ వచ్చింది. ఆర్గిరో తన తోట చూపించడానికి తీసుకెళ్తుంటే దారిలో, అప్పటికి మంచం దిగి తిరుగుతున్న మనూసోస్ కర్ర ఊతంతో నిలబడి ఉన్నాడు, గడ్డం గీయించుకుని, చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని. పరదేశం నుంచి చుట్టం వస్తోందని ఊళ్లో విన్నాడు. ఇంటి ముందు నుంచి చుట్టం ఊరికే వెళ్లిపోతే ఆయనకి పరువు తక్కువ. లోపలికి తీసుకెళ్లి, ఆలివ్‌లూ జున్నూ పెట్టి, పీపా దగ్గరికి కుంటుతూ వెళ్లి తనే వైన్ పట్టి తెచ్చాడు.

బిర్గిట్ తాగింది. గ్లాసులోకి చూసింది. తర్వాత ఆర్గిరో వైపు చూసింది. "నువ్వు నాకు పోసింది ఇదే. మాదే అన్నావు. ఈయన నీకు చేసిపెడతాడా? అడుగు."

"ఏమంటోంది?" అన్నాడు మనూసోస్.

"బాగుందంటోంది బాబాయ్."

"అంత పొడుగు మాటకి ఇంతేనా?"

ఆయనకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి గ్రీకు రాదు. మధ్యలో ఉన్నది తనొక్కతే. ఏం చెప్పినా చెల్లుతుంది. అది తెలిసేసరికి ఆర్గిరో ముసలాయన వైపు తిరిగింది.

"అక్కడ నీ వైన్ నాదని చెప్పాను బాబాయ్. అందుకే వచ్చింది ఈవిడ. నేను నీ పీపాలు అడిగిందీ అందుకే." తర్వాత బిర్గిట్ వైపు తిరిగి అదే మాట ఇంగ్లీషులో చెప్పింది.

మనూసోస్ కత్తి అందుకున్నాడు. జున్ను ఇంకో ముక్క కోసి చుట్టం పళ్లెంలో వేశాడు. "ఆవిడ గ్లాసు ఖాళీ అయింది" అన్నాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన తన తీగల గురించి చెబుతూనే ఉన్నాడు. ఆర్గిరో ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెబుతూనే ఉంది. బిర్గిట్ ఆయన వైన్ తీసుకుంది. ఆర్గిరోది అడగలేదు.

మర్నాడు ఆర్గిరో ఆయన తోటకి వెళ్లింది. ఆయన తీగలు కడుతున్నాడు.

"తిట్టు బాబాయ్. పోనీ కొట్టు."

"ఎందుకండీ?" అన్నాడాయన తలెత్తకుండా. "చలికాలంలో ఆ మాట చెప్తుంటే మీ కళ్లలో నీళ్లు తిరిగేవి. నా కోసం సంతోషపడుతున్నారనుకున్నాను."

పుట్టి బుద్ధెరిగాక ఆయన తనని మీరు అనడం అదే మొదలు. ఆమె పక్క వరసలోకి వెళ్లి తీగలు కట్టడం మొదలుపెట్టింది. ఆయన వద్దనలేదు.

కోతలయ్యాక మనూసోస్ పేరుతో పెట్టెలు ఓడెక్కాయి. లేబుళ్లు అంటించింది ఆర్గిరోనే, ఉత్తరాలు రాసేదీ ఆమే, ఆయనకి వేరే దిక్కు లేదు గనక. బిర్గిట్ దగ్గర్నుంచి జవాబు వచ్చినప్పుడల్లా వెళ్లి చదివి వినిపిస్తుంది. ఆయన శ్రద్ధగా వింటాడు. మళ్లీ చెప్పమని మాత్రం అడగడు. కాఫీ ఇస్తాడు, గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్తగా వెళ్లండి" అంటాడు.