పలక మీది రోషం

పొద్దున సేఫ్టీ సూపర్‌వైజరు పనివాళ్లందర్నీ నిలబెట్టి, "ఎవరికైనా ఎత్తంటే భయముందా?" అని అడిగాడు. నలుగురిలో చెయ్యెత్తే మగాడు ఎక్కడుంటాడు? ఎవరూ ఎత్తలేదు. ఆయన తృప్తిగా వెళ్లి టీ తాగాడు.

పెద్ద మేస్త్రి, అతని బావమరిది కిటికీల్లేని పక్క గోడకు పూత వేయడానికి పరంజా ఎక్కారు. ముందురోజు బావ పూసిన గోడకు బావమరిది మట్టం చూసే బద్ద ఆనించి, "అలలొస్తున్నాయి, పడవ తెండ్రా" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

నిలబడే పలకను చెరో కొసా కట్టడం వాళ్ల పద్ధతి. బావ ముడేసి "కట్టేశా" అనాలి. బావమరిది తన కొస కట్టి "ఇక్కడా అయింది" అనాలి. ఆ రోజు బావ కట్టాడుగానీ నోరు విప్పలేదు. చెప్పించుకోకుండా కట్టడం నామోషీ అనుకుని బావమరిది తాడు భుజాన వేసుకుని అవతలి గుంజ దగ్గర కూర్చున్నాడు. నడుముకు కట్టుకోవాల్సిన సేఫ్టీ బెల్టులు రెండూ మేకుకే వేలాడుతున్నాయి. ముందు పెట్టుకున్నవాడు పిరికివాడైపోతాడు మరి.

కింద సిమెంటు మాలు కలుపుతున్న మనిషి ఒకరికి పెళ్లాం, ఇంకొకరికి అక్క.

"రెండు కొసలూ కట్టారా?" అని అరిచింది.

"నీ తమ్ముణ్ణడుగు."

"మీ ఆయన్నడుగక్కా."

"నాకు దొరికిన ఇద్దరూ ఇద్దరే! ముడి పడేదాకా మాలు రాదు."

పెళ్లాం ఆపితే ఆగుతాడా పెద్ద మేస్త్రి? నిన్నటిదాకా కాలితో తట్టి చూడందే పలకెక్కని మనిషి, కోపంలో అది నేలనుకున్నాడు. గుంజ దాటి బయటికున్న తన కొస మీద విసురుగా అడుగేశాడు. అవతలి కొస లేచింది. బావమరిది బొక్కబోర్లా దాని మీద పడి అదిమాడు. మేస్త్రి గుంజను కావలించుకుని మెల్లగా వెనక్కొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇప్పుడైనా మాట్లాడుకుంటారనుకుంది ఆమె.

"కట్టడం కూడా రాదు నీ తమ్ముడికి" అన్నాడు మేస్త్రి కిందికి చూస్తూ.

"ఆయన చెబితేగా అక్కా!"

ఆమె నిచ్చెన లాగి ఇసుకలో పడేసింది.

"అక్కడే ఉండండి. గోడకు చెప్పుకోండి మీ రోషాలు."

ఎండ నెత్తికెక్కింది. దిగే దారి లేదు. పనివాళ్లు చుట్టూ చేరి నవ్వడం మొదలెట్టారు. చివరికి పైన గొంతు సవరించుకోవడం వినిపించింది.

"కట్టేశా."

బావమరిది భుజం మీది తాడు తీసి కట్టాడు. "ఇక్కడా అయింది."

"ఎవరికి చెబుతున్నారు, ఆకాశానికా?" అంది ఆమె చేతులు కడుక్కుంటూ. "ఒకరి మొహం ఒకరు చూసుకుని చెప్పండి."

నిచ్చెన లేపడానికి ఆమె ఇంకా చాలాసేపు ఆగాల్సి వచ్చింది.