వాకిట్లోకి వచ్చిన కుర్చీ

"అమ్మాయ్! మీ ఇంటికి కుర్చీ వస్తోందీ!"

సందు మొదట్లో సైకిళ్ళు బాగుచేసే బాబాయి కేక అది. టీ వడపోస్తున్న కోడలు బయటికొచ్చి చూసింది. దుమ్ము కొట్టుకుపోయిన చెక్క కుర్చీ ఒకటి టకటకమని నడుచుకుంటూ వచ్చి, వాళ్ళ మెట్ల పక్కన ఆగింది.

కోడలు పేపర్లో కళల పేజీ రాస్తుంది లెండి. ఆవిడ ఏ నాటకం గురించి రాసినా, చివరిదాకా చదివినవాళ్ళ గుమ్మానికి ఆ హాల్లోంచి ఓ కుర్చీ నడిచి రావడం ఊళ్ళో మామూలే. ఆ మనిషి హాలుకి బయల్దేరితేగానీ అది గుమ్మం వదలదు. ఉత్త ఫోటో చూసి పేజీ తిప్పేసేవాళ్ళకి పాపం ఏమీ రాదు.

ఈసారి వచ్చింది మాత్రం మున్సిపల్ ఆఫీసు కుర్చీ. ఊళ్ళో నాటకాలాడే కమ్యూనిటీ హాలుని గోడౌన్‌కి ఇచ్చేస్తున్నారని తెలిసి, కోడలు కౌన్సిల్ మీటింగుకి వెళ్ళి, దాన్నే నాటకంలా సమీక్షించింది. "కళల పేజీలో మున్సిపాలిటీ గోలేంటమ్మా?" అని ఎడిటరు తల పట్టుకుంటే, "అదీ నాటకమే సార్, టికెట్టు లేదంతే" అంది.

రాసింది కూడా ఎలా రాసిందనుకున్నారు! 'ముఖ్యపాత్రధారి చైర్మన్‌గారు ప్రేక్షకుల వైపు వీపు పెట్టి గొణిగారు. అభ్యంతరాలున్నాయా అని ఆయనే అడిగి, లేవని ఆయనే చెప్పుకున్నారు. జవాబు చెప్పాల్సిన జనం పాత్ర అసలు రానేలేదు. చివరి అంకం ఈ సాయంత్రమే.'

"ఇంతకీ మనింట్లో చదివిందెవరు?" అంది కోడలు.

"నాకు డైలాగులు బట్టీ పట్టడానికే తీరిక లేదు తల్లీ" అంది అత్తగారు. ఇన్నేళ్ళు తెరవెనక బట్టలు కుట్టి, ఇప్పటికి రాజు వేషం దొరికింది ఆవిడకి. హాలు పోతే ఆ నాటకమూ పోతుంది.

ఇక మిగిలింది మావగారే. ఏ మాటకైనా 'మనకెందుకు' అనేవాడు కాబట్టి వీధంతా ఆయన్ని 'మనకెందుకుగారు' అనే పిలిచేది.

"కళ్ళజోడు తుడుచుకుంటుంటే కంట పడిందంతే!" అన్నాడాయన.

"చివరి లైను దాకా తుడుచుకున్నారా మావయ్యా?"

కుర్చీ ఆయన మోకాలిని పొడిచింది. ఏం చేస్తాడు, చెప్పులు వేసుకున్నాడు. చూస్తే సందు సందంతా ఎవరి కుర్చీ వెనక వాళ్ళు నడుస్తున్నారు!

మీటింగు హాలు నిండిపోయింది. చైర్మన్ కంగారుగా ఇటు తిరిగి, "అభ్యంతరాలేమైనా..." అన్నాడు. ఒక్కరూ నోరు విప్పరే! అలవాటు లేదు మరి. అప్పుడు మావగారి కుర్చీ మెల్లగా ముందుకి వంగింది. ఆయన లేచి నిలబడక తప్పలేదు.

"ఉందండీ" అన్నాడు, గొంతు సవరించుకుని. "మా ఆవిడ రాజు వేషం వేస్తోంది. ఇంట్లో రిహార్సలు చేస్తే కత్తి ఫ్యానుకి తగులుతోంది. ఆ హాలు మాక్కావాలి."

అందరూ నవ్వారు. "సరే, పరిశీలిస్తాం. కూర్చోండి" అన్నాడు చైర్మన్.

కూర్చుందామని వెనక్కి చూస్తే కుర్చీ ఏది? వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. మావగారు దాన్ని చూశాడు, చైర్మన్ని చూశాడు, చేతులు కట్టుకున్నాడు.

"పరిశీలన ఇప్పుడే కానివ్వండి. తేలేదాకా నేను కూర్చోను."

"నేనూ కూర్చోను" అంటూ లేచాడు సైకిళ్ళ బాబాయి. ఆ తర్వాత పాలమ్మే ఆవిడ, ఆవిడ ఆడపడుచు, వరసకి వరస! గోడౌన్‌కి ఇవ్వడానికి చేతులెత్తమంటే, అంతమంది కళ్ళముందు ఒక్క కౌన్సిలరు చెయ్యీ లేవలేదు. హాలు జనానికే ఉంటుందని చైర్మన్ గట్టిగా, అందరికీ వినపడేలా చదివాడు.

అత్తగారు ఆ రాత్రే కమ్యూనిటీ హాల్లో రిహార్సలు చేసి, మీసం తియ్యడం మరిచిపోయి ఇంటికొచ్చింది. వడ్డించిన అన్నం చల్లారిపోతోంది. "రాజుగారొచ్చేదాకా ఎవరూ ముట్టొద్దు" అని మావగారు అందర్నీ ఆపాడట.

"మనకెందుకండీ ఇదంతా?" అంది ఆవిడ, ఏడిపిస్తూ.

"మనకే" అన్నాడాయన, పక్కన చోటిస్తూ.

అందరూ కూర్చున్నారు.