స్టూలు ఎత్తున కత్తిరించిన ఫొటోలు

మా చెల్లెలు చేతిలో పని పడితే దాన్ని ఎంత త్వరగా వదిలించుకుందామా అని చూస్తుంది. దాని మొగుడు, అంటే మా మరిది, సరిగ్గా దానికి ఎదురు. ఫొటో తీసే ముందు స్టూలు జరిపి, లైటు జరిపి, మళ్లీ స్టూలు జరిపి, చివరికి అన్నిటినీ మొదట ఉన్నచోటే పెట్టేవాడు. "నత్తగారూ, ఈ పిల్లలు పెద్దయి పెళ్లి ఫొటోలకి వచ్చేస్తారు, ఇక నొక్కండి" అనేదాన్ని. "నిదానమే ప్రధానం వదినా" అని నవ్వేవాడు. స్టూడియో వాళ్లిద్దరిదీ. కౌంటరూ ప్రింటింగూ నావి.

మాకు ఎక్కువగా వచ్చేవి బడిపిల్లల గుర్తింపు కార్డుల ఫొటోలు. బడి మొత్తానికి ఒకే కొలత ఉండాలి. మొదట్లో మరిది కంప్యూటర్లో ఒక్కో పిల్లాడి మొహం చుట్టూ గడి గీసి ఒక్కొక్కటే కత్తిరించేవాడు. చెల్లెలు చూసి చూసి ఓ రోజు మౌస్ లాక్కుంది. "కెమెరా కదలదు, స్టూలు కదలదు. గడి మాత్రం ప్రతిసారీ ఎందుకు గియ్యాలి?" అంది. ఒక్క ఫొటో మీద గడి గీసి, అదే గడిని తరగతి మొత్తానికి పెట్టి నొక్కింది. మేము టీ తాగి కప్పులు కడిగేలోగా అన్నీ ఒకే కొలతలో తయారయ్యాయి. పొట్టి పిల్లల కింద దిళ్లు వేసి, అందరి తలలూ ఒకే ఎత్తుకు తెచ్చే పని ఒక్కటే మరిదికి మిగిలింది.

ఇంకో పని కూడా ఉండేది. ఏ ఫొటోలు ఏ తరగతివో కలిసిపోకుండా, ప్రతి తరగతికీ ముందు మరిదే స్టూలు వెనక నిలబడి, తరగతి పేరు రాసిన అట్ట పట్టుకుని టైమర్‌తో ఒక ఫొటో తీసుకునేవాడు. పిల్లల మొహం వచ్చేచోటే అట్ట పట్టుకునేవాడు కాబట్టి ఆ ఫొటో కూడా మిగతావాటితో పాటు అదే గడిలో తెగేది. కత్తిరించినవి అసలు ఫొటోల మీదే సేవ్ చేసేది మా చెల్లెలు. మా డిస్కు ఎప్పుడూ పండగ బస్సులా కిటకిటలాడుతూ ఉండేది మరి.

వానలు మొదలైన వారంలో, ఓ బడి నుంచి బండి మీద వస్తుంటే మరిదిని బస్సు కొట్టేసింది. మనిషి పోయాడు. భుజాన ఉన్న కెమెరా, జేబులో ఫోను కూడా లోపలి కార్డులతో సహా నుజ్జయిపోయాయి.

ఏడుపులు కాస్త తెరిపినిచ్చాక ఫొటో కోసం చూశాం. పెళ్లి ఆల్బం ఉంది. అందులో మరిది మీసం కూడా సరిగ్గా రాని సన్నటి కుర్రాడు. దాన్నే పెద్దది చేసి గోడకు పెట్టాను. చెల్లెలి కూతురు, మా బుడ్డది, దాని ముందు నిలబడి తల ఎత్తి చూసింది.

"పెద్దమ్మా, ఈ అన్న ఎవరు?" అంది.

చెల్లెలు ఆ మాట విని వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకు ఒక్క ఫొటో కావాలి. ఇప్పటి ఆయన. గడ్డంతో, లావెక్కాక. బుడ్డది చూసి నాన్న అనాలి. లేకపోతే ఏడాది తిరిగేసరికి మర్చిపోతుందే" అంది.

ఊరందరికీ ఫొటోలు తీసినవాడికి ఒక్క ఫొటో లేదు. దీపం కింద చీకటి అంటే ఏమిటో ఆ వారం నాకు తెలిసింది. చెల్లెలి ఫోను నిండా అదీ బుడ్డదీనే. "ఇలా ఇవ్వు, నేను తీస్తా" అని ప్రతిసారీ ఫోను లాక్కునేవాడు ఆ మహానుభావుడు. చుట్టాలను అడిగాం. ఒకరి దగ్గర వీపు దొరికింది, ఇంకొకరి దగ్గర కెమెరా వెనక దాక్కున్న సగం చెవి.

ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ చెల్లెలు ఆగిపోయింది. "అట్ట ఫొటోలు!" అని అరిచి, ఎంగిలి చేత్తోనే స్టూడియోలోకి పరుగెత్తింది. నేనూ వెనకే పరుగెత్తాను. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికామే అనుకున్నాను. తరగతికి ఒకటి చొప్పున ఎన్ని బడులు, ఎన్నేళ్లు! చివరివైతే నిన్నమొన్నటి మరిదివే.

మొదటిది తెరిచింది. అట్ట, అట్టకు అటూ ఇటూ రెండు చేతులు, అట్ట కింద చొక్కా, బొత్తాలు. మెడ దాకా రాకుండానే ఫొటో అయిపోయింది. రెండోది తెరిచింది, మూడోది తెరిచింది. స్టూలు మీద కూర్చున్న పిల్లల తలకు సరిపోయే గడి, నిలబడ్డ మనిషికి పొట్ట దగ్గరే ఆగుతుంది.

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాం. పాపం, చాలాసేపు కూర్చున్నాడు. "చెరిపేసి ఉంటే వెనక్కి తియ్యొచ్చమ్మా. దాని మీదే ఇంకోటి రాసేశారు. అడుగున ఏమీ లేదు" అన్నాడు. రెండోసారి చూడమని చెల్లెలు బతిమాలింది. చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

"నా గడి మా ఆయన తల తీసేసిందక్కా" అంది చెల్లెలు.

"నువ్వు తియ్యలేదే పిచ్చిదానా, బస్సు తీసింది" అని కసిరాను. కసరకపోతే నేనూ ఏడ్చేసేదాన్ని. ఆ తొందరే మా ఇంటికి కూడు పెట్టింది. ఇప్పుడు దాన్ని తప్పంటే నేనొప్పుకోను.

అయినా అది ఆ ఫొటోలు మూయలేదు. అన్నీ తెర మీద పరుచుకుంది. ఇది ఇస్త్రీ చేస్తూ నేను కాల్చిన చొక్కా అంది. ఈ బొత్తాం వేరే రంగు దారంతో కుట్టాను, ఎవరు చూస్తారులే అన్నాడాయన అంది. ఈ వేలికి కట్టు తలుపు సందులో నలిగినప్పటిది అంది. అన్నీ ఒకే కొలతలో, వరసగా, ఒక్కదానికీ మొహం లేకుండా.

అప్పుడే బుడ్డది నిద్ర లేచి, కళ్లు నులుముకుంటూ వచ్చింది. తెర వైపు చూడగానే, "నాన్న!" అంది.

మేమిద్దరం ఉలిక్కిపడ్డాం. చెల్లెలు దాన్ని దగ్గరికి లాక్కుంది. "ఎలా తెలిసిందే? మొహమే లేదు కదా?"

బుడ్డది మమ్మల్ని తెలివితక్కువ వాళ్లను చూసినట్టు చూసింది. "నాన్న బొజ్జ ఇదే కదా" అంది.

నిజమే. మరిది పక్కన నిలబడితే దాని తల అంతవరకే వచ్చేది. సాయంత్రం అతను గుమ్మంలో అడుగు పెట్టగానే పరుగెత్తుకెళ్లి గుద్దుకునేది ఆ బొత్తాలకే. ఇప్పుడూ అంతే, కుర్చీ ఎక్కి, ఆ ఫొటో మీద చెంప ఆనించి కళ్లు మూసుకుంది. తెర వెచ్చగా ఉంటుంది కదా, అలాగే ఉండిపోయింది.

చెల్లెలు దాన్ని కదిలించలేదు. చాలాసేపు చూసి, ఎవరికో రహస్యం చెబుతున్నంత మెల్లగా అంది: "దానికి వాళ్ల నాన్న దొరికాడక్కా. నాకే మా ఆయన దొరకలేదు."

చెల్లెలి పక్కన నేల మీద కూర్చుండిపోయాను.