అంచు ముక్కలు

అందరూ పారేసే కాగితంతో పుస్తకాలు కట్టే ఆ చెల్లెలికి ఇంట్లో పేరు కత్తెర. ఆమె చేతిలో పిండి సంచులు అట్టలవుతాయి, పాత క్యాలెండర్ల వెనకవైపులు పేజీలవుతాయి. పనిమంతురాలే. ఓపిక మాత్రం మచ్చుకైనా లేదు.

పోయిన వారం అక్క, అమ్మ కుట్టుపని పుస్తకం తెచ్చిచ్చింది. అమ్మ పోయాక మిగిలిన చేతిరాత అదొక్కటే. "ఊడిన పేజీలు కుట్టివ్వు చాలు. సోకులు చెయ్యకు," అని మరీ మరీ చెప్పింది.

కత్తెర విన్నది. అయినా ఈ రోజు పొద్దున చిరుగుల అంచు చూసేసరికి చెయ్యి ఊరుకోలేదు. తెరిచైనా చూడకుండా పుస్తకాన్ని కోత మిషన్‌లో పెట్టి కుడివైపు వేలెడు వెడల్పు కోసేసింది. అలవాటుగా ఆ ముక్కలను, గుజ్జు కోసం కాగితాలు నానబెట్టే డ్రమ్ములో పడేసింది. అప్పుడు తెరిచింది. ప్రతి పేజీ పక్కనా అమ్మ పెన్సిల్ రాత, ఏటేటా కూతుళ్లిద్దరి కొలతలు. ప్రతి వరుసా మధ్యలో తెగిపోయి ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మోచేతుల దాకా చేతులు నీళ్లలో పెట్టి ఒక్కొక్క ముక్కా ఏరింది. పెన్సిల్ గనక రాత చెదరలేదు, అదే పదివేలు. కానీ ఏది ఏ పేజీదో తెలియదు. తడి ముక్కలను కిటికీ అద్దాలకు అంటించింది. ఫ్యాను వేసింది, ఎగిరిపోతాయని ఆపింది, మళ్లీ వేసింది. కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగింది. సాయంత్రం అక్క వస్తుంది. అంచులు పట్టుకుంటేనే రాలిపోయాయని చెబితే? అక్క నమ్ముతుంది కూడా. ఆ సంగతే ఎక్కువ బాధపెట్టింది.

అక్క మధ్యాహ్నానికే వచ్చేసింది. కిటికీ చూసింది, బల్ల మీది పుస్తకం చూసింది.

"అంచు కోసేశానక్కా. లోపల చూసుకోలేదు."

అక్క కళ్లు తుడుచుకుని, "నీ చేతులు విరగ్గొట్టాలి," అంది. తర్వాత తనే అద్దం మీంచి ముక్కలు ఒలిచి, పేజీల పక్కన పెట్టి చూడసాగింది. ఒకచోట ఆగింది. పేజీలో 'చిన్నది, భుజం తొమ్మిది, ఒక్క' అని ఉంది. ముక్కలో 'చోట నిలబడదు' అని ఉంది.

"ఆ కొలత అమ్మ మూడుసార్లు తీసింది. నిన్ను పట్టుకున్నది నేనే," అంది అక్క.

కత్తెర జిగురు కుంచె అందుకుంది. తొందరలో ముక్క పక్కకు జరిగింది. అక్క ఆమె వెనక నిలబడి రెండు భుజాలూ గట్టిగా పట్టుకుంది.

"కదలకు. ఇప్పుడు అంటించు."