సిత్తం

నేను ఒక ఇత్తడి చెంబును. శ్రీకాకుళం దగ్గర బుడితి కంచరుల కొలిమిలో పుట్టాను. బోనెల గవరయ్య అనే రైతు నన్ను సంతలో వేలితో మోగించి చూసి కొన్నాడు. ఏడాది తిరగకుండానే అతను సైన్యంలో చేరాడు, చంకన నేనున్నాను.

బల్ల వెనక దొర ఇంగ్లీషులో పేరు అడిగాడు. గవరయ్యకు అర్థం కాలేదు. పెద్దవాళ్లు ఏమడిగినా మావైపు వాళ్ల నోట వచ్చేది ఒకటే మాట. చేతులు కట్టుకుని "సిత్తం" అన్నాడు. గుమాస్తా పేరు గడిలో అదే రాసుకున్నాడు. నా అడుగున అతని నంబరు కొట్టారు. తల్లిదండ్రులు బియ్యంలో రాసి పెట్టిన పేరును ఒక్క కలంపోటు తుడిచేయగలదని ఆరోజే తెలిసింది.

అతని పటాలం పని దారులు వేయడం. తుపాకి పట్టినవాడు దారి మీద నడుస్తాడు, దారి వేసేవాడు అతనికంటే ముందుండాలి. ఈ మాట నేను గర్వంగానే చెబుతాను.

వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై నాలుగులో జపాను సేన కోహిమా కొండను చుట్టుముట్టింది. దొరలు టెన్నిస్ ఆడుకునే కాస్త చదునునేల కోసం అటువాళ్లూ ఇటువాళ్లూ కుప్పలుగా రాలిపోయారు. అవతల గాయపడినవాళ్లున్నారు, మధ్యలో మందుపాతరలు. తీయడానికి ఎవరు వెళతారని సుబేదారు అడిగాడు. గవరయ్య నన్ను ఒక రాతి మీద పెట్టి "సిత్తం" అన్నాడు. ఆ దారిన తొమ్మిదిమంది ప్రాణాలతో వచ్చారు. అతను రాలేదు.

నన్నూ ఒక కాగితాన్నీ ఇంటికి పంపారు. కరణం ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, "సిపాయి సిట్టం కోహిమాలో చనిపోయాడు" అని చదివాడు.

"సిట్టం ఎవులు బాబూ? మా ఇంటాయన గవరయ్య," అంది భార్య సింహాలు. "సెంబు ఆయనదే. ఎవులికో దాహానికిచ్చుంటాడు."

ఆమె చెంబును నమ్మింది, కాగితాన్ని నమ్మలేదు. ఎనభై ఏళ్లకు బొట్టుతోనే పోయింది. అది పొరపాటో పుణ్యమో దేవుడికే తెలియాలి. ఊరు మాత్రం గవరయ్య బర్మాలో ఇంకో కాపురం పెట్టాడని తేల్చేసింది. తండ్రిని చూడని కూతురు తవిటమ్మ "బర్మావోడి గుంట" అయింది. ఆ పిలుపు పెళ్లయినా వదల్లేదు. నాన్న చచ్చిపోయాడా, వదిలేశాడా? ఆమెకు అదొక్కటే తెలియాలి.

ఆమె మనవరాలు హైమావతికి కోహిమా దగ్గరి దిమాపూర్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. డెబ్బై అయిదేళ్ల తవిటమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని కోహిమా చేరింది. సమాధుల వరుసల పైన, దహనం చేసిన సైనికుల పేర్లున్న రాతిగోడ ఉంది.

"అమ్మమ్మా, గవరయ్య లేడే. మూడుసార్లు చూశాను."

"అయితే ఊరోల్లు నిజిమే అన్నారన్నమాట," అని తవిటమ్మ మెట్టు మీద కూలబడింది.

అక్కడి కాపలాదారు, పెద్దాయన, నాగా మనిషి. ఆమె ఒళ్లోంచి నన్ను తీసుకుని బోర్లించి చూశాడు. లోపలికెళ్లి రిజిస్టరు తెచ్చాడు. నా అడుగునున్న నంబరు ఎదురుగా హైమావతి వేలు ఆగింది.

"ఊరు మనదే. ముత్తాత తండ్రి పేరూ సరిపోయింది. కానీ పేరు సిట్టం అనుంది."

"మల్లీ సదువు."

"సిట్టం."

తవిటమ్మ మెల్లగా లేచింది. "సిట్టం కాదే, పిచ్చిదానా. సిత్తం. పెల్లిసూపుల్లో పేరడిగితే కూడా సిత్తమనీసినాడంట మీ ముత్తాత. మాయమ్మ సెప్పి సెప్పి నవ్వీది."

హైమావతి గోడ మీద ఆ అక్షరాలను వెతికి, ముసలి చేతిని వాటి మీద పెట్టింది. తవిటమ్మ నాలో నీళ్లు తెప్పించుకుని రాతి మొదట్లో తర్పణంగా వదిలింది. కూతురు వదలవచ్చునా అని అక్కడ ఎవరూ అడగలేదు. అడిగినా, దాహం తీర్చే చెంబుకు ఆ తేడా ఏం తెలుస్తుంది?

"పేరు మార్పించమని అర్జీ పెడదామా?" అంది హైమావతి.

"రాతిని కదపకు. దానికి తెలిసింది అది సెప్పింది. నాకు తెలిసింది నేను రాత్తాను."

కాపలాదారు సందర్శకుల పుస్తకం తెరిచాడు. తవిటమ్మ వయోజన బడిలో నేర్చిన అక్షరాలతో, ఇద్దరు ముగ్గురి పేర్లు పట్టే చోటంతా తీసుకుని, ఒత్తి ఒత్తి రాసింది: బోనెల గవరయ్య కూతుర్ని.