పదిహేడు దాకా

వెంకటన్నకు కుదురు లేదు. ముద్ద నోట్లో ఉండగానే ఫోన్ తీస్తాడు, ఫోన్ పక్కన పడేసి లేస్తాడు, గడప దాకా పోయి ఎందుకొచ్చానా అని మళ్లీ వచ్చి కూర్చుంటాడు. గోవా బస్సు శుక్రవారం. ఇవాళ బుధవారం.

విత్తన పత్తి బాగా పండించిన రైతులను విత్తన కంపెనీ తరఫు ఆర్గనైజర్ మునవ్వర్ ఏటా కంపెనీ ఖర్చుతో గోవా తిప్పుకొస్తాడు. పోయినేడు అక్కడ పడవ మీది జూదశాలలో వెంకటన్న బ్లాక్‌జాక్ బల్ల ముందు కూర్చుని ఒక ఎకరా కౌలు డబ్బు ఊడ్చి పెట్టి వచ్చాడు. ఆ ఎకరా చేయి దాటింది. మిగిలిన ఎకరా డబ్బు ట్రంకు పెట్టెలో ఉంది. ఉగాది లోపు పొలం సొంతదారు సుభద్రమ్మకు ముట్టజెప్పకపోతే అదీ పోతుంది. పోయిన ఎకరాను ఈ ఎకరాతో గెలుచుకు రావాలన్నది వెంకటన్న పట్టుదల.

"పోయినేడు గుడ్డిగ ఆడిన. ఈసారి నేర్చుకున్న" అన్నాడు భార్య బాలనాగమ్మతో.

నేర్చుకున్నాడు, అందులో అబద్ధం లేదు. ఫోన్‌లో చూసి కేలెండరు వెనక గళ్లు గీశాడు. పైన జూదశాల తరఫున ఆడించేవాడి తెరిచిన పేకముక్క, పక్కన మన చేతిలోని లెక్క. ఇరవై ఒకటికి దగ్గరగా పోవాలి, దాటితే పోయినట్టే. చేతిలో పదమూడు నుంచి పదహారు ఉండి, వాడిది ఆరు, అంతకు తక్కువ అయితే కదలకూడదు. ఏడూ ఆపైన అయితే ఇంకో ముక్క తీయాలి. ఎనిమిదుల జంట వస్తే రెండు ఆటలుగా విడగొట్టాలి. ఇవన్నీ నెల రోజులుగా స్నానానికి పోతూ, బర్రెకు నీళ్లు పెడుతూ గొణుక్కుంటున్నాడు. బర్రెకు కూడా వచ్చేసి ఉంటుంది.

అతని ధీమా అంతా ఆ గళ్ల మీదే. ఎందుకుండదు? పదిహేనేళ్లుగా కంపెనీ ఇచ్చిన కాగితాన్ని నమ్మి బతికిన మనిషి. సాయంత్రం మొగ్గలోని కేసరాలు గిల్లమంటే గిల్లాడు, తెల్లారి మగపువ్వు పుప్పొడి అంటించమంటే అంటించాడు, గిల్లకుండా తప్పిపోయిన పువ్వును తెంపేయమంటే తెంపేశాడు. కాగితం ప్రకారం చేశాడు కాబట్టి అతని విత్తనం ఒక్కసారీ పరీక్షలో ఫెయిల్ కాలేదు. చెప్పినట్టు చేస్తే పాసు. లోకమంతా అట్లాగే నడుస్తుందని అతని నమ్మకం.

బాలనాగమ్మ ఏడవలేదు, అలగలేదు. ఆదివారం మధ్యాహ్నం చింతపండు కొడుతూ, నాతో ఆడి చూపించు, పోయేది చింతగింజలే కదా అంది. ఆడించేవాళ్లు ఏం చేయాలో అడిగింది. పదహారు, అంతకు తక్కువ ఉంటే ముక్క తీయాలి, పదిహేడు రాగానే ఆపాలి, అంతే అన్నాడు. చెరి రెండు వందల గింజలు పెట్టుకున్నారు.

ఆ రోజు వెంకటన్నే గెలిచాడు. డెబ్బై గింజలు ఎక్కువ. తానే ఎగదోసి పంపుతున్నానేమో అని రాత్రంతా బాలనాగమ్మకు కంటి మీద కునుకు లేదు.

సోమవారం ఆ డెబ్బై ఆమె వైపు తిరిగి వచ్చాయి. మంగళవారం ఇంకొన్ని వచ్చాయి. అతను కాగితం తప్పలేదు. తప్పలేదు కాబట్టే ఒళ్లు మండింది, మండేకొద్దీ పందెం పెంచాడు. ఈ మధ్యాహ్నం మిగిలిన నలభై గింజలూ ఒక్కసారే ముందుకు నెట్టాడు. పదహారు వచ్చింది. ఆమెది రాజు, అంటే పది, తెరిచి ఉంది. కాగితం తీయమంది, తీశాడు. తొమ్మిది, మొత్తం ఇరవై ఐదు.

"సరిగనే ఆడిన" అన్నాడు. "కాగితంల ఉన్నట్టే ఆడిన నాగమ్మా."

"ఆడినవ్. నేనొద్దన్ననా?" ఆమె గింజలు దగ్గరికి లాక్కుంది. "మరి నేనేం నేర్చుకున్న? పదిహేడు దాకా తీసుడు, ఆపుడు. కాగితం లేదు, నెల రోజుల పరేషాన్ లేదు. గింజలన్నీ నా దిక్కే ఎందుకున్నయ్?"

వెంకటన్న లేచాడు, గడప దాకా పోయాడు, తిరిగి వచ్చి ఆమె చోట కూర్చున్నాడు. ఇప్పుడు నువ్వు ఆడు, నేను ఆడిస్తా అన్నాడు.

పది ఆటలు అయ్యేసరికి అతనికి అర్థమైంది. ఇటు కూర్చుంటే ఆలోచించే పనే లేదు. ఆమె ఇరవై ఒకటి దాటితే చాలు, తన మూసిన ముక్క తెరవకుండానే గింజలు లాక్కోవచ్చు. తెరిచి ఇంకో ముక్క తీసి ఉంటే తనదీ దాటేదేమో, అది ఎవరూ అడగరు. పోయినేడు గోవాలో ముక్కలు పంచిన నల్లకోటు పిల్ల తనకంటే తెలివైందని, అందుకే ఓడిపోయానని ఏడాది పొడుగునా అనుకున్నాడు. ఆ పిల్ల తన మొహం కూడా చూసి ఉండదు.

అప్పుడే మునవ్వర్ ఫోన్ చేశాడు. బస్సు లిస్టు రాస్తున్నాడట.

"నా పేరు కొట్టెయ్ భాయ్."

మునవ్వర్ ఊరుకోలేదు. ఆడకపోతే ఆడకు, ఉత్తగా సముద్రం చూసి రా, ఖర్చు నీదా నాదా అన్నాడు. వెంకటన్న కాలు ఊగుతూనే ఉంది. బాలనాగమ్మ చేతిలోని ముక్కలు కిందపెట్టి అతని వైపే చూస్తోంది.

"సముద్రమే చూస్తనని చెప్పనీకి నా మీద నాకే నమ్మకం లేదు" అని ఫోన్ పెట్టేశాడు.

ట్రంకు పెట్టె తీసి డబ్బు రుమాలులో చుట్టాడు. చల్లబడ్డాక పోదాం, నెత్తి మీద ఎండ చూడు అంది ఆమె. అతను అప్పటికే వాకిలి దాటాడు. ఆమె చెప్పులు తొడుక్కుని వెనకే పరుగులాంటి నడకతో పోయింది.

సుభద్రమ్మ నిద్ర లేచి వచ్చి, ఉగాది ఇంకా ఇరవై రోజులుంది కదా, ఈ మిట్టమధ్యాహ్నం ఏం ముంచుకొచ్చిందని అడిగింది.

"జర ఇప్పుడే తీస్కో అమ్మా" అన్నాడు వెంకటన్న, రుమాలు ఆమె చేతిలో పెట్టేసి. "మల్ల నేనొచ్చి అడిగినా ఇయ్యకు."